ఎంటీఐ ఎక్కువుందన్నారా? ఈ సాక్సఫోన్ వినండి!

డిగ్రీ అయిపోయిన ఏడాది. హైదరాబాద్‌లో ఓ కాల్ సెంటర్ వాళ్లు ఫ్రెషర్లను తీసుకుంటున్నారని తెలిసి, నారాయణపేట నుంచి తెల్లారుజాము బస్సెక్కాం. నేనూ, మక్తల్ దోస్త్ ఒకడూ. గ్రూప్ డిస్కషన్ గట్టెక్కింది. టైపింగ్ టెస్ట్ కూడా పర్వాలేదు. మూడోది వాయిస్ రౌండ్. ‘మీ ఊరి గురించి రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పండి’ అన్నారు. చేనేత చీరలు, కృష్ణా నది, పక్కనే కర్ణాటక బార్డర్.. రాత్రంతా బట్టీ పట్టింది గడగడా అప్పజెప్పాను. ఎదురుగా కూర్చున్న మేడమ్ మర్యాదగా నవ్వి, కాగితం మీద రెండు ముక్కలు రాసుకున్నారు.

బయటికొచ్చాక దోస్త్ చెప్పిండు, ఆ కాగితం వాని కంట పడిందట. ‘నీకు ఎంటీఐ హై అని రాసిండ్రు రా’ అన్నాడు. ‘అదేం రోగం?’ అన్నాను. వాడికీ తెలియదు. ఇద్దరం బస్టాండ్‌లో చాయ్ తాగుతూ దాని గురించి అరగంట రకరకాలుగా ఊహించుకున్నాం.

మీలో ఇప్పుడు వాయిస్ ప్రాసెస్ ఉద్యోగాలకు తిరుగుతున్నవాళ్లకు ఈ మూడక్షరాలు కొత్త కాదు. ఎంటీఐ అంటే మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. మనం మాట్లాడే ఇంగ్లిష్‌లో అమ్మభాష ఎంత వినిపిస్తోందో చెప్పే మార్కు. ‘హై’ అంటే ఇంటికి పొమ్మని. కొన్నేళ్లపాటు ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఫోన్‌లో ఇంగ్లిష్ మాట్లాడాల్సి వస్తే పక్క గదిలోకి వెళ్లేవాణ్ని.

తర్వాత ఎప్పుడో ఒక నైట్ డ్యూటీలో, నెట్‌లో ఏవో ట్యూన్లు వెతుకుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. ట్యూన్ పేరు ‘తెలుగు’. వాయించింది సాక్సఫోన్. ఆల్బమ్ పేరేంటో తెలుసా? ‘మదర్ టంగ్’!

‘ఇండియన్’ వచ్చా నీకు?

ఆ ఆల్బమ్ చేసింది రుద్రేశ్ మహంతప్ప. ఆల్టో సాక్సఫోన్ వాద్యకారుడు, కంపోజర్. 2004లో న్యూయార్క్‌లోని పై రికార్డింగ్స్ అనే చిన్న కంపెనీ దాన్ని విడుదల చేసింది. తల్లిదండ్రులది కర్ణాటక. తండ్రి భౌతికశాస్త్రం ప్రొఫెసర్ కావడంతో, రుద్రేశ్ 1971లో ఇటలీలోని ట్రియెస్ట్ నగరంలో పుట్టారు. పెరిగింది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో. (తెలుగును ఇటాలియన్‌తో పోల్చి మురిసిపోవడం మనకు అలవాటే. ‘తెలుగు’ అనే జాజ్ ట్యూన్ కట్టినాయన ఇటలీలో పుట్టడం మాత్రం ఉత్త కాకతాళీయం.)

అమెరికాలో ఆ రంగుతో, ఆ పేరుతో పెరిగే పిల్లలకు ఒక ప్రశ్న తప్పదు. ‘నువ్వు ఇండియన్ మాట్లాడతావా?’ ఇంకొందరు ఇంకో అడుగు ముందుకేసి ‘హిందూ మాట్లాడతావా?’ అంటారు. ఇండియన్ అనేది భాష కాదు, హిందూ అనేది అంతకన్నా కాదు. అడిగేవాళ్లకు దురుద్దేశం ఉండదు, తెలియదంతే. కానీ పదోసారి, వందోసారి అడిగించుకుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మనలో చాలామందిమి ఏం చేస్తాం? నవ్వేసి ఊరుకుంటాం. లేదంటే ఒక పోస్ట్ పెట్టి దులిపేస్తాం.

మహంతప్ప ఆ ప్రశ్నను తీసుకెళ్లి అమెరికాలోని భారతీయుల ముందు పెట్టారు. వాళ్లు తమ తమ భాషల్లో ఇచ్చిన జవాబులను రికార్డు చేశారు. ఆ మాటల్లో గొంతు ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ దిగింది, ఏ అక్షరం మీద ఎంతసేపు ఆగింది.. ఇవన్నీ విని విని స్వరాలుగా రాసుకున్నారు. ఆ స్వరాల మీద ట్యూన్లు కట్టారు. కన్నడ, గుజరాతీ, తమిళం, మలయాళం, కొంకణి.. వాటి మధ్యలో మన తెలుగు. ట్యూన్ల పేర్లు కూడా అవే. విసుగు తెప్పించిన ప్రశ్నే ఆయనకు ముడిసరుకు అయింది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. ఇది పూర్తిగా వాద్య సంగీతం. వింటే ఆ మనిషి ఏం జవాబిచ్చాడో మీకు అర్థం కాదు. అర్థం పోయాక మాటలో మిగిలేది దాని నడక. ఇంటర్వ్యూ గదిలో ఆ మేడమ్ పట్టుకున్నదీ సరిగ్గా దాన్నే. నేను చెప్పిన విషయంలో తప్పు లేదు, గ్రామర్‌లో కూడా పెద్ద తప్పుల్లేవు. నడక దగ్గరే దొరికిపోయాను.

నలుగురిలో ఇద్దరు ఫిజిక్స్ చదివినవాళ్లే

జాజ్ అంటే మనకు పాత హిందీ సినిమాల్లో క్లబ్ సీన్ గుర్తొస్తుంది. అంతకుమించి పరిచయం లేకపోవడం తప్పేం కాదు. పద్ధతి తెలిస్తే వినడం సులువు. మొదట అందరూ కలిసి ట్యూన్ వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరే దాన్ని అందుకుని అప్పటికప్పుడు కొత్త స్వరాలు అల్లుతారు. చివరికి మళ్లీ ట్యూన్ దగ్గరికి చేరతారు. కచేరీలో నెరవల్, స్వరకల్పన విన్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు. నారాయణపేటవాళ్లకు ఇంకో రకంగా చెప్పొచ్చు. ట్యూన్ అనేది మగ్గం మీద ముందే సిద్ధంగా ఉన్న పడుగు. పేక ఏ రంగు వేయాలన్నది వాయించేవాడి ఇష్టం.

‘మదర్ టంగ్’లో వాయించింది నలుగురే. సాక్సఫోన్ మహంతప్ప, పియానో విజయ్ అయ్యర్, బేస్ ఫ్రాన్స్వా ముతాఁ, డ్రమ్స్ ఎలియట్ హంబర్టో కావీ. చిన్న బృందం కాబట్టి ఎవరూ ఎవరి వెనకా దాక్కోలేరు. ఒకరు తడబడితే మిగతా ముగ్గురికీ తెలిసిపోతుంది, వినేవాళ్లకూ తెలిసిపోతుంది.

ఇంజినీరింగ్, బీఎస్సీ చదువుతున్నవాళ్లు ఈ ముక్క గమనించండి. పియానో వాయించిన విజయ్ అయ్యర్ అమెరికాలో పుట్టిన తమిళుల బిడ్డ. యేల్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఫిజిక్స్ పీహెచ్‌డీకి చేరి, మధ్యలో దారి మార్చారు. మనిషి శరీరం లయను ఎలా పట్టుకుంటుంది అన్న అంశం మీద 1998లో అక్కడే డాక్టరేట్ పూర్తి చేశారు. పియానో మాత్రం చాలావరకు సొంతంగా నేర్చుకున్నదే. ఇప్పుడు హార్వర్డ్‌లో ప్రొఫెసర్. బేస్ వాయించిన ముతాఁ ఫ్రాన్స్‌వాడు, ఆయనకూ ఫిజిక్స్‌లో డాక్టరేట్ ఉంది. అమ్మానాన్న ‘ముందు చదువు పూర్తి చెయ్, తర్వాత పాటలు’ అనడం ఒక్క మన దగ్గరే కాదన్నమాట!

మహంతప్ప కూడా ఆ గాలి పీల్చినవారే. రెండేళ్ల తర్వాత, 2006లో ‘కోడ్‌బుక్’ అని ఇంకో ఆల్బమ్ చేశారు. అందులో ట్యూన్లకు ఆధారం సంకేత లిపి, సంఖ్యా శాస్త్రం. మనం సెమిస్టర్ పరీక్షకు చదివి మర్చిపోయే క్రిప్టోగ్రఫీలోంచి ఆయన సంగీతం తీశారు.

గురువు, లఘువు గుర్తున్నాయా?

మాటలోంచి ట్యూన్ ఎలా వస్తుందని అనుమానంగా ఉందా? ‘సరే’ అనే మాట తీసుకోండి. అమ్మ పని చెబితే విసుగ్గా ఒక ‘సరే’. దోస్త్ సినిమాకు పిలిస్తే హుషారుగా ఒక ‘సరే’. ఎదుటివాడు కోతలు కోస్తుంటే వ్యంగ్యంగా సాగదీసి ‘సరే..’. ఫోన్ పెట్టేసే ముందు ఒకటి. రెండే అక్షరాలు, అర్థాలు నాలుగు. ఆ తేడా అక్షరాల్లో ఉందా? లేదు. గొంతు ఎక్కే మెట్లలో, దిగే మెట్లలో ఉంది. హార్మోనియం ముందు కూర్చుని ఆ మెట్లు వెతికితే దాదాపుగా దొరుకుతాయి. మహంతప్ప చేసిన పనికి మొదటి అడుగు అదే.

ఇలాంటి పని చేసింది ఆయన ఒక్కరే కాదు. చెక్ దేశపు కంపోజర్ లియోష్ యానాచెక్ వందేళ్ల క్రితమే వీధిలో, సంతలో జనం మాటలను స్వరాలుగా నోట్ పుస్తకాల్లో రాసుకునేవాడు. అమెరికన్ కంపోజర్ స్టీవ్ రైక్ 1988లో రైలు ప్రయాణాల జ్ఞాపకాలు చెప్పినవాళ్ల గొంతుల మీదే ‘డిఫరెంట్ ట్రైన్స్’ అనే రచన కట్టాడు. మహంతప్ప దాన్ని జాజ్‌లోకి, అదీ మన భాషల మీదుగా తెచ్చారు.

ఇక రెండో అడుగు, కాలం. ఏ అక్షరం ఎంతసేపు? దీనికి మన దగ్గర ఉన్న లెక్క చాలా దేశాల్లో లేదు. పదో తరగతిలో తెలుగు సార్ గణాలు అడిగితే బెంచీ కింద దాక్కున్నది గుర్తుందా? అదే ఈ లెక్క. ‘తెలుగు’.. మూడు లఘువులు, న గణం. ‘కన్నడ’.. ఒక గురువు, రెండు లఘువులు, భ గణం. ‘మరాఠీ’.. లఘువు, రెండు గురువులు, య గణం. ‘నారాయణపేట’ను విడదీస్తే త గణం, జ గణం. ఊరి పేరే ఒక తాళం! ఇది నోటితో ఒకటికి రెండుసార్లు అని చూడండి, చేయి దానంతటదే బల్ల మీద కొట్టుకుంటుంది.

సాక్సఫోనే ఎందుకు అంటే.. దానికీ ఒక కారణం ఉంది. చూడ్డానికి ఇత్తడి బాకాలా ఉంటుంది కానీ నోట్లో పెట్టుకునే చోట సన్నని రెల్లు రేకు ఉంటుంది, సన్నాయికి పీక ఉన్నట్టు. బెల్జియంవాడు అడాల్ఫ్ సాక్స్ తయారు చేసి 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. గొంతు మూలుగును, విరుపును, కసురును పలికించడంలో దాని తర్వాతే ఏదైనా. మన పెళ్లి బరాత్‌లలో బ్యాండువాళ్లు సినిమా పాటను సాక్సఫోన్ మీద వాయిస్తుంటే పదాలు లేకపోయినా మనం పాట పాడేస్తాం కదా, అందుకే.

మన బస్టాండే ఒక స్టూడియో

ఈ ఆల్బమ్ విన్నాక నారాయణపేట బస్టాండ్ నాకు మునుపటిలా వినిపించడం లేదు. మా ఊరు తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి 2019 ఫిబ్రవరిలో జిల్లా అయింది. అటు యాద్గిర్, ఇటు రాయచూర్. రెండూ కర్ణాటకే. కృష్ణా నది తెలంగాణలోకి అడుగుపెట్టేది మా జిల్లాలోనే, తంగిడి దగ్గర. ఇక్కడ పొద్దున లేస్తే చెవిలో నాలుగు భాషలు పడతాయి. తెలుగు సరే సరి. బార్డర్ ఊళ్లలో కన్నడ ఇంటి భాష. నేత, బంగారం పనుల్లో ఉన్న కొన్ని కుటుంబాల్లో మరాఠీ. బజార్లో ఉర్దూ, అదీ దక్కనీ ఉర్దూ.

ఒక్క ప్రశ్న తీసుకోండి. ఎక్కడికి వెళ్తున్నావు? బస్టాండ్‌లో పది నిమిషాలు నిలబడితే ఇది నాలుగు రకాలుగా వినిపిస్తుంది. ‘యాడికి పోతున్నవ్ రా?’ అని ఒక మామ. ‘ఎల్లిగె?’ అని రాయచూర్ బస్సు కండక్టర్. ‘కుఠే చాల్లా?’ అని ఒక పెద్దాయన. ‘కాం జారే?’ అని ఆటో అన్న. తెలుగులో గొంతు చివర్లో లేచి ‘రా’ దగ్గర వాలుతుంది. కండక్టర్ ‘ఎల్లిగె’ మూడు టికెట్లు చించినట్టు టక్‌టక్‌మంటుంది. దక్కనీలో ‘జారే’ సాగి సాగి ఎక్కడో తేలుతుంది. ఇది నా చెవి లెక్క, మీకు ఇంకోలా వినిపించొచ్చు.

మా అవ్వ ఈ నాలుగింట్లో మూడు మాట్లాడుతుంది. బడికి పోలేదు. కూరగాయల గంప దించిన చోటల్లా నేర్చుకుంది. నా రెజ్యూమెలో ‘లాంగ్వేజెస్ నోన్’ దగ్గర తెలుగు, ఇంగ్లిష్, హిందీ అని రాశాను. కన్నడ రాయలేదు. చదవడం రాదు కదా, మాట్లాడటం ఏం లెక్క అనుకున్నా. మీలో ఎంతమంది ఇలా వదిలేశారు? చదవడం, రాయడం, మాట్లాడటం అని మూడు గడులు పెట్టి, వచ్చిన గడిలో టిక్ కొట్టండి. బెంగళూరు కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగానికి ఆ ఒక్క టిక్ చాలు.

మరి ఇంటర్వ్యూ సంగతి?

‘యాస గొప్పది, ఎవడేమన్నా పట్టించుకోకు’ అని రాసేసి పేజీ ముగించడం నాకు తేలికే. కానీ మీకు ఉద్యోగం కావాలి. అవతల ఫోన్‌లో ఉన్న అమెరికావాడికో, ఆస్ట్రేలియావాడికో మీ మాట అర్థం కావాలి. ఆ వాయిస్ రౌండ్ మేడమ్ మీద నాకిప్పుడు కోపం లేదు. ఆమె తన పని చేశారు. నాకు ఎవరైనా ‘ఎంటీఐ అంటే ఇదీ’ అని విడమర్చి చెప్పి ఉంటే బాగుండేదన్నదే బాధ. అది ఇప్పుడు చెబుతాను.

తెలుగులో గురువు ఎక్కడున్నా గురువే, లఘువు ఎక్కడున్నా లఘువే. ఇంగ్లిష్‌లో అలా కాదు. ఒక మాటలో ఒక అక్షరం మీద బరువు పడుతుంది, మిగతావి చప్పబడిపోతాయి. పైగా ఆ బరువు జరుగుతూ ఉంటుంది. ‘ఫొటోగ్రాఫ్’లో బరువు ‘ఫొ’ మీద. అదే ‘ఫొటోగ్రఫీ’ అనేసరికి ‘టో’ మీదికి దూకుతుంది, ‘ఫొ’ దాదాపు మింగేస్తారు. ‘డెవలప్‌మెంట్’లో బరువు రెండో అక్షరం మీద. ‘హోటల్’లో రెండోదాని మీద. ‘ఇంజినీర్’లో చివరిదాని మీద. మనం వీటిని మన ఛందస్సులో చదువుతాం. ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి ఇచ్చేస్తాం. పైగా మన మాట అచ్చుతో ముగియాలి. బస్, కార్, రోడ్ మన నోట్లో పడి బస్సు, కారు, రోడ్డు అయ్యాయి. అందుకే ‘ఫైల్ పంపుతాను’ అనబోయి ‘ఫైలు’ అంటాం.

అంటే ఎంటీఐ అనేది నోటి జబ్బు కాదు. ఒక భాష తాళంలో ఇంకో భాష పాడటం. తాళం మార్చడం నేర్చుకోవచ్చు, దానికి మన తాళాన్ని అసహ్యించుకోనక్కర్లేదు. కర్ణాటక సంగీతం పాడేవాళ్లు ఆది తాళం నుంచి మిశ్రచాపుకు వెళ్లేటప్పుడు ఆది తాళాన్ని తిట్టుకుంటూ వెళ్లరు.

నేర్చుకునే దారి కూడా మహంతప్ప దారే. వేలకు వేలు పోసి యాక్సెంట్ క్లాసులకు వెళ్లే ముందు ఇది చేసి చూడండి. ‘ప్రాట్’ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ తయారు చేశారు. డచ్ భాషలో ప్రాట్ అంటే మాట్లాడటమే. మీ గొంతును వేవ్ ఫైల్‌గా సేవ్ చేసి అందులో తెరిస్తే, స్వరం ఎక్కడ లేచి ఎక్కడ పడిందో నీలం గీతగా కనిపిస్తుంది. ఒక ఇంగ్లిష్ వార్తా వాక్యాన్ని న్యూస్ రీడర్ గొంతులో ఒకసారి, మీ గొంతులో ఒకసారి పక్కపక్కనే పెట్టి చూడండి. ఆవిడ గీత కొన్నిచోట్ల కొండలా లేచి మధ్యలో పల్లంలో నడుస్తుంది. నాది చూస్తే మా పొలం గట్టులా ఒకే ఎత్తులో పోయింది. ‘నీ ఇంగ్లిష్ బాగోలేదు’ అని పదిమంది అన్నా అర్థం కానిది ఆ గీత ఒక్క నిమిషంలో చెప్పింది. ఆ తర్వాత రోజుకు నాలుగు వాక్యాలు, బరువు ఎక్కడ పడాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని చదవడమే.

పేరు చూసి అంతా తెలుసనుకున్నారు

మహంతప్ప కథలో ఇంకో సంగతి మీకు బాగా పనికొస్తుంది. పేరు చూసి, రంగు చూసి ఆయనకు భారతీయ సంగీతం పుట్టుకతోనే వచ్చేసి ఉంటుందని అమెరికాలో చాలామంది అనుకున్నారు. నిజానికి ఆయన పెరిగింది చార్లీ పార్కర్ లాంటి జాజ్ వాద్యకారుల రికార్డులు వింటూ. బాస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో డిగ్రీ, షికాగోలోని డీపాల్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేశారు. మన రాగాలు ఆయనకు పరాయివే. అన్న ఒకసారి ఆయనకు ఒక రికార్డు బహుమతిగా ఇచ్చారు. ‘సాక్సఫోన్ ఇండియన్ స్టైల్’. వాయించింది మంగళూరు వైపు పల్లెలో పుట్టిన కద్రి గోపాల్‌నాథ్.

కద్రి తండ్రి నాదస్వర విద్వాంసుడు. మైసూరు ప్యాలెస్ బ్యాండ్‌లో సాక్సఫోన్ విని ఆ కుర్రాడు మనసు పారేసుకున్నాడు. బ్యాండు వాద్యం మీద త్యాగరాజ కీర్తన ఏమిటని నవ్వినవాళ్లకు కొదవ లేదు. గమకాలు పలకడానికి వీలుగా వాద్యానికే మార్పులు చేసుకుని, ఏళ్లకు ఏళ్లు సాధన చేశాడు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్ వేదిక మీద వాయించారు. అదే ఏడాది వచ్చిన తమిళ సినిమా ‘డ్యూయెట్’లో ఏఆర్ రెహమాన్ పాటల్లో వినిపించే సాక్సఫోన్ ఆయనదే. 2019 అక్టోబర్‌లో కన్నుమూశారు.

ఆ కద్రి దగ్గరికి మహంతప్ప వచ్చారు. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించకుండా, 2007లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకుని కర్ణాటక సంగీతాన్ని కూర్చుని చదువుకున్నారు. ఇద్దరూ కలిసి వాయించిన ‘కిన్స్‌మెన్’ ఆల్బమ్ 2008లో వచ్చింది. రెండు సాక్సఫోన్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతుంటే వాటి మధ్య ఒక వయొలిన్ నిబ్బరంగా నడుస్తుంది. ఆ వయొలిన్ మన విజయనగరం ఆడబిడ్డ అవసరాల కన్యాకుమారిది. ఎంఎల్ వసంతకుమారి, కద్రి గోపాల్‌నాథ్ లాంటివాళ్లకు ఏళ్లతరబడి సహకారం అందించి, 2016లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి దాకా వెళ్లిన విద్వాంసురాలు. ‘తెలుగు’ అనే ట్యూన్ కట్టినాయన, నాలుగేళ్లకు తెలుగు నేల మీద పుట్టిన వయొలిన్ పక్కన నిలబడి వాయించారు. నిజం చెప్పాలంటే రెండు ఆల్బమ్‌లలో నాకు ‘కిన్స్‌మెన్’ వినడమే హాయి. ‘మదర్ టంగ్’ కొరకరాని కొయ్య, మూడుసార్లు వింటే గానీ లోపలికి రానివ్వదు.

ఈ చెవికి కొలువుంది

ఇదంతా వినడానికి బాగుంది, ఉద్యోగం సంగతేంటి అంటారా? మాటను విని ఉన్నదున్నట్టు రాసే పనికి ఇప్పుడు గిరాకీ ఉంది. ఫోన్‌తో తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకోవాలంటే, ఆ యంత్రానికి ముందు మన మాటలు వేల గంటలు వినిపించాలి. ఎవరో ఒకరు వాటిని రాసి, సరిచూసి ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘భాషిణి’, ఐఐటీ మద్రాస్‌లోని ‘ఏఐ ఫర్ భారత్’, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం ఈ దారిలో పనిచేస్తున్నాయి. బెంగళూరులోని ఐఐఎస్సీ, గూగుల్ కలిసి చేస్తున్న ‘వాణి’ ప్రాజెక్టులో జిల్లాలవారీగా జనానికి బొమ్మలు చూపించి, వాటి గురించి వాళ్ల భాషలో చెప్పించి రికార్డు చేస్తారు. అక్కడ యాస ఉంటే మైనస్ మార్కు కాదు. యాస కోసమే వస్తారు.

మీరు ఈ పనికి పనికొస్తారా అని తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక టెస్ట్. మీ ఊళ్లో పెద్దవాళ్లెవరినైనా అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే, ఒక నిమిషం రికార్డు చేయండి. విన్నది విన్నట్టు రాయండి. ‘ఏంటికి పోతుండో ఏమో’ అని వాళ్లంటే మన పెన్ను ‘ఎందుకు వెళ్తున్నాడో ఏమో’ అని రాసేస్తుంది. పన్నెండేళ్ల బడి చదువు చేయించే పని అది. రాసింది మళ్లీ ఆడియోతో పోల్చి, ఎన్నిచోట్ల ‘దిద్దారో’ లెక్కపెట్టండి. నాకు మొదటిసారి పంతొమ్మిది వచ్చాయి. అప్పటికి నేను రాతపనిలోనే ఉన్నాను!

ఒక జాగ్రత్త. ట్రాన్స్‌క్రిప్షన్, ఆడియో డేటా పనులు చాలావరకు కాంట్రాక్టు మీదే ఉంటాయి. ‘గంటకు ఇంత’ అంటే అది ఆడియో గంటా, మీరు పనిచేసే గంటా అని ముందే అడగండి. ఒక గంట ఆడియో రాయడానికి చాలా గంటలు పడుతుంది. ట్రైనింగ్ పేరుతో ముందే డబ్బు కట్టమంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి.

పైచదువు ఆలోచన ఉంటే లింగ్విస్టిక్స్ ఉంది. ఉస్మానియా యూనివర్సిటీలో ఎంఏ లింగ్విస్టిక్స్‌కు సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది, దానికి సీయూఈటీ పీజీ. ఇఫ్లూలోనూ కోర్సులున్నాయి. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ 1969 నుంచి ఈ పనే చేస్తోంది, అక్కడి ప్రాజెక్టు నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి. బీటెక్‌వాళ్లు సిగ్నల్ ప్రాసెసింగ్‌ను పాస్ మార్కుల సబ్జెక్టుగా చూడకుండా, ప్రాట్‌లో కనిపించే ఆ నీలం గీత ఎలా పుడుతుందో కోడ్ రాసి చూడండి. రెజ్యూమెలో ప్రాజెక్టు అని రాసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

మహంతప్ప ఇప్పుడు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జాజ్ విభాగానికి డైరెక్టర్. 2016 నుంచి ఆ బాధ్యతలో ఉన్నారు. పిల్లలకు పాఠాలు చెబుతూనే ఆల్బమ్‌లు చేస్తున్నారు.

పోయిన దసరాకు ఇంటికెళ్లినప్పుడు మా అవ్వ చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టి ‘తెలుగు’ ట్యూన్ వినిపించాను. ‘అవ్వా, ఇది మన భాషలో పాట’ అన్నాను. కళ్లు మూసుకుని కాసేపు విన్నది. ‘పాట యాడిది బిడ్డా, ఎవరో కొట్లాడుకుంటున్నరు’ అంది.

‘ఏ భాషల కొట్లాడుకుంటున్నరు?’ అనడిగాను.

‘నాకేం ఎరుక? ముందు సౌండు తగ్గియ్యి’ అంది.